సొంగ మరక

ఆర్డరు జంపఖాన మీద
రూపాయి బిళ్లంత మరక,
ఎర్ర పట్టీ నల్ల పట్టీ కలిసే కాడ.
ముందు నూనె అనుకున్న.
తర్వాత రేకుల కప్పును అనుమానించిన,
ఎండకాలమైనా సరే.
ఆఖరికి దొంగ దొరికింది,
కండ్లు సగం మూసి, గదవకు ఒక చినుకు వేలాడేసుకొని
మగ్గం పక్కనే కూసున్నది.

దాని పేరు కండె.
మూడేండ్ల కింద ముసురు పట్టిన రోజు
గంపల కండెలు లెక్కబెడుతుంటే
ఒకటి ఎక్కువొచ్చింది.
అది మ్యావన్నది.

పిల్లి సొంగ ఎందుకు కారుస్తదంటే
కొత్తవాడల జవాబు లేని మనిషి లేడు.
చాపల సంచి చూసుంటదన్నడు నూలు తెచ్చే ఐలోని.
ఆ రోజు మంగళవారం, ఇంట్ల చింతపండు చారు.
పిచ్చి లేచిందేమో దూరం పెట్టుమన్నది
ఎదురింటి భూలక్ష్మి, తలుపు సందులకెల్లి.

ఆ రాత్రి దాన్ని బయట పెట్టి గొళ్లెమేసిన.
అవతల అది గోకుతున్నది,
ఇవతల నేను గుంతల కాళ్లు పెట్టుకొని కూసున్న.
ఒక్క పోగు పడలే.

తెల్లారి అదే కండెల గంపల పండబెట్టి
మూత మీద చెయ్యి పెట్టుకొని
ఆటోల హన్మకొండ పశువుల దవాఖానకు పోయిన.
ఒక బర్రె, రెండు మేకలు, మా గంప, అదీ వరుస.
డాక్టరమ్మ నోరు తెరిచి పండ్లు చూసింది,
చిగుళ్లు ఒత్తింది.
ఎప్పుడు కారుస్తదని అడిగింది.
మగ్గం ఆపి ఒళ్లెకు తీసుకున్నంక, అన్న.
ముందుకాళ్లతోటి ఏమన్న చేస్తదా?
చేస్తది మేడం. లుంగీని తొక్కుతది.
కుడి, ఎడమ. కుడి, ఎడమ.

ఆమె నవ్వలే.
కూన తల్లి పొట్టను అట్లనే తొక్కుతది,
పాలు చేపాలని, అన్నది.
తొక్కుతుంటేనే నోట్లె నీళ్లూరుతయి.
పెద్దగైనంక సుత కొన్ని మరువయి.
గుర్రుగుర్రుమనుకుంట ఒళ్లు వదిలేస్తే
మింగుడు కూడ యాదికుండదు వాటికి.
భయం లేదు పో.

తలుపు దాటేటప్పుడు మళ్ల పిలిచింది.
ఒకదిక్కే కారినా, వాసనొచ్చినా,
తిండి ముట్టకున్నా ఆగకు.
అది సుఖం కాదు, నొప్పి.

ఒకటే తడి.
ఇంటికొచ్చేదాక ఆటోల అదే మాట తిరిగింది నాలో.

గంపల దొరికిన నాడు దానికి
కండ్లు సుత సక్కగ విచ్చలే.
తాగవలసిన పాలు ఇంకా బాకీ ఉన్నయి,
ఆ బాకీ నా దగ్గర వసూలు చేస్తున్నది,
యాభై రెండేండ్ల మొగోని దగ్గర,
ఒళ్లె నూలు దుమ్ము తప్ప ఏమీ లేనోని దగ్గర.

మళ్ల మగ్గమెక్కిన. కింద కాళ్లు కదిలినయి.
కుడి, ఎడమ. కుడి, ఎడమ.
ముప్పై ఏండ్లసంది తొక్కుతనే ఉన్న నేను సుత.
చేపిన నాడు చేపింది.

పిచ్చేనా, అని అడిగింది భూలక్ష్మి సాయంత్రం.
కొంచెం ఉన్నది, అన్న,
దానికా నాకా చెప్పలే.

సంఘంల మరక మీద వేలు పెట్టి
ఇదేందన్నరు.
నీళ్లు పడ్డయన్న. అబద్ధం గాదు.
ముప్పై రూపాలు కోసిండ్రు.

ఇప్పుడు ఒళ్లె పాత పీలిక ఒకటి పరుచుకుంట.
రాత్రి అది తొక్కి తొక్కి పండుకున్నంక
గదవ కింది చుక్కను వేలితోటి తుడిచి
వాసన చూస్త.
నూలు వాసన. అంతే.
లైటు బందు చేస్త.